కవర్ పేజీకి ఎంత అడగాలి?

ప్రశ్న: మాది తెనాలి. నా వయసు 28. బీకాం తర్వాత డీటీపీ నేర్చుకుని, ఆరేళ్లుగా విజయవాడలో ఒక డిజైనింగ్, ప్రింటింగ్ షాపులో పనిచేస్తున్నాను. జీతం 19,000 రూపాయలు. రోజూ రైల్లో వెళ్లి వస్తాను. రెండేళ్లుగా రాత్రిపూట ఇంట్లో కూర్చుని పెళ్లి కార్డులు, పుస్తకాల కవర్ పేజీలు, చిన్న షాపులకు లోగోలు సొంతంగా చేస్తున్నాను. ఉద్యోగం మానేసి ఇదే పూర్తిగా చేసుకోవాలని ఉంది గాని, నాన్నగారు వద్దంటున్నారు. కవర్ పేజీకి 1,500 తీసుకుంటున్నాను, అంతకు మించి అడగాలంటే మొహమాటం. ఒక రిటైర్డ్ మాస్టారి కవితా సంపుటికి ఇప్పటికి పదకొండు సార్లు మార్పులు చేశాను, పని పూర్తి కాలేదు, డబ్బు రాలేదు. బంధువులు ఊరికే చేసిపెట్టమంటారు. ధర ఎలా నిర్ణయించుకోవాలి? జీఎస్టీ వంటివి అవసరమా? ఉద్యోగం ఎప్పుడు మానవచ్చు?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను గాని, ఉత్తరం మధ్యలో ఒకే ఒక్కసారి, అదీ పొరపాటున దొర్లినట్టుగా మీరు వాడిన ‘మొహమాటం’ అన్న మాట దగ్గరే నా చూపు ఆగిపోయింది. దాదాపు ముప్పై ఏళ్లుగా నేను పుస్తకాలకు కవర్ పేజీలు వేస్తూ, లోపలి పేజీలు కడుతూ బతుకుతున్నాను. పని రాక ఈ వృత్తి వదులుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను గాని, అడగవలసిన మాట అడగవలసిన రోజున నోరు విప్పి అడగలేక మళ్లీ నెలజీతానికి వెళ్లిపోయినవాళ్లను లెక్కపెట్టడం ఎప్పుడో మానుకున్నాను. మొదటి అయిదేళ్లలో నేనూ ఆ అంచు దాకా వెళ్లి వచ్చినవాణ్ణే. అందుకే ముందుగా ధర సంగతి మాట్లాడతాను.

మీరు 1,500 అన్న అంకె ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో ఉత్తరంలో రాయలేదు. బహుశా ‘అందరూ అంతే తీసుకుంటున్నారు’ అని ఎవరో అని ఉంటారు. ఆ అందరిలో చాలామందికి షాపు ఉంటుంది. వాళ్లు కవర్ పేజీ మీద కాకుండా కాగితం, ప్రింటింగ్, బైండింగ్ మీద సంపాదించుకుంటారు, డిజైన్‌ను ఎరగా వేస్తారు. మీకు అమ్ముకోవడానికి మీ గంటలు తప్ప మరేమీ లేవు కాబట్టి మీ లెక్క గంటలతోనే మొదలు కావాలి. మీ చేతికి, ఇంటికి కలిపి నెలకు 20,000 కావాలనుకుందాం. ఉద్యోగంలో ఉండగా కనిపించని ఖర్చులు మానగానే కనిపించడం మొదలవుతాయి: ఇంటర్నెట్, కరెంటు, సాఫ్ట్‌వేర్ చందా, కలర్ ప్రూఫులు, ప్రెస్సుల చుట్టూ తిరగడానికి ఛార్జీలు, నాలుగైదేళ్లకోసారి మార్చక తప్పని కంప్యూటర్ కోసం నెలనెలా పక్కన పెట్టవలసిన సొమ్ము, మీ షాపు యజమాని ఇప్పుడు ఈఎస్ఐ కడుతూ ఉంటే అది పోయాక మీరే తీసుకోవలసిన ఆరోగ్య బీమా. వీటన్నిటికీ తక్కువలో తక్కువ 10,000 వేసుకుంటే మొత్తం 30,000 అయింది.

ఇక గంటలు. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 200 గంటలు పనిచేస్తారని అనుకున్నా, అందులో సగమైనా ఫోన్లకు, ‘ఊరికే కనుక్కుందామని’ వచ్చేవాళ్లకు, ప్రెస్సులో అచ్చు ప్లేట్ల కోసం ఎదురుచూడడానికి, రావలసిన డబ్బు గుర్తు చేయడానికి పోతాయి. ఎవరి దగ్గరా బిల్లు వేయలేని గంటలవి. మిగిలే 100 గంటలు 30,000 మొయ్యాలంటే గంట ఖరీదు 300 రూపాయలు. ఇందులో పని లేని నెలల కోసం దాచుకునేది లేదు, అది కూడా కలుపుకుంటే 400 దగ్గర తేలుతుంది.

ఈ గజంతో మాస్టారి పుస్తకాన్ని కొలిచి చూడండి. కవితలు చదవడానికి రెండు గంటలు (చదవకుండా కవర్ వేసేవాళ్లున్నారు, మీరు అలా చేయరని మీ ఉత్తరం తీరే చెబుతోంది), రెండు రకాల చిత్తు నమూనాలకు మూడు గంటలు, పేరు అక్షరాలను చేత్తో రాసి కంప్యూటర్‌లో సాపు చేయడానికి మూడు, వెనక అట్ట మీద కవి ఫొటో శుభ్రం చేసి నాలుగు మాటలు అమర్చడానికి రెండు, స్పైన్ (పుస్తకం వీపు) కొలతలూ, బ్లీడూ (అంచులు కత్తిరించినా రంగు తెగిపోకుండా బయటికి పొడిగించే భాగం) చూసి ప్రెస్సుకు ఫైలు సిద్ధం చేయడానికి రెండు, మాటలకూ చిన్న దిద్దుబాట్లకూ మరో రెండు. మొత్తం పద్నాలుగు గంటలు, అంటే 5,600 రూపాయలు. మీరు ఒప్పుకున్నది 1,500. దాని మీద పదకొండు మార్పులకు ఒక్కో గంట చొప్పున వేసుకున్నా ఇరవై అయిదు గంటలు అయ్యాయి. మీకు గిట్టుబాటు గంటకు 60 రూపాయలు, అదీ ఆయన ఇస్తే. షాపులో మీ జీతాన్ని 200 గంటలకు పంచితే గంటకు 95 వస్తున్నాయి. నిద్ర మానుకుని, సొంత కరెంటు కాల్చుకుని, పగటికంటే తక్కువ కూలికి రాత్రి పనిచేస్తున్నారన్నమాట.

అయితే, సొంత డబ్బు పెట్టి మూడొందలో అయిదొందలో కాపీలు వేసుకుని, సగం ఊరికే పంచిపెట్టే కవి 5,600 ఇవ్వగలడా అని మీరు అడుగుతారు. చాలామంది ఇవ్వలేరు, అది నిజమే. అటువంటివారికి ధర తగ్గించడం కాకుండా పని తగ్గించడం నేర్చుకోండి. ఆయన దగ్గరున్న ఫొటోనో, ఎవరైనా మిత్రుడు అనుమతితో ఇచ్చిన పెయింటింగునో తీసుకుని, చక్కటి ఫాంటుతో పేరు పెట్టి, ఒకే నమూనా, ఒకే విడత దిద్దుబాట్లతో అయిదు గంటల్లో ముగిసే కవర్‌కు 2,000 తీసుకోవచ్చు. కొత్తగా బొమ్మ గీసి, అక్షరాలు రాసి చేసే కవర్‌కు 5,600. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెబితే ఎదుటివారు బేరమాడడం మాని ఎంచుకోవడం మొదలుపెడతారు. నాకు ఈ కిటుకు తెలిసేసరికి పదేళ్లు పట్టింది.

మార్పుల విషయంలో నా తలబొప్పి ఒకటి చెబుతాను. వృత్తిలోకి వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, ఒక ప్రచురణకర్త కథల పుస్తకం కవర్ అప్పగించారు. డెమ్మీ సైజు, 176 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు పదకొండు. లోపల 70 జీఎస్ఎం మ్యాప్‌లితో, అంటే పుస్తకాలకు మామూలుగా వాడే తెల్ల కాగితం. ఆ కాగితం ఆకుకు సుమారు మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుంది కాబట్టి 88 ఆకులకు దాదాపు 9 మిల్లీమీటర్ల స్పైన్ వేసి, పుస్తకం పేరును దాని మధ్యలో కుదురుగా కూర్చోబెట్టి ఫైలు ఇచ్చేశాను. ఈలోగా రచయిత గారికి రెండు ముందుమాటలు కొత్తగా వచ్చాయి, పక్కన పెట్టిన ఒక కథ మీద మళ్లీ మమకారం పుట్టింది, పుస్తకం మూడు ఫారాలు పెరిగి 224 పేజీలయింది. ఆ మాట నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బైండింగులో స్పైన్ రెండు మిల్లీమీటర్లకు పైగా లావెక్కింది. వీపు మీద ఉండవలసిన ముదురు రంగు పట్టీ చాలక ఒక పక్కన ముందు అట్ట రంగు తొంగిచూసింది, పేరు ఓ వైపుకు ఒరిగిపోయింది. వెయ్యి అట్టలూ లామినేషన్ అయిపోయాక చూసుకున్నాం. తప్పు ఎవరిదన్న చర్చ అరగంట కూడా సాగలేదు. అందరిలోకీ చిన్నవాణ్ణి, కొత్తవాణ్ణి కాబట్టి అది నాదే అయింది. అట్టలు మళ్లీ వేయించడానికి అయిన ఖర్చు నా ఆరు కవర్ పేజీల ప్రతిఫలంతో సమానం.

ఆ తర్వాతి వారం నుంచి నేను ఏ కవర్‌కైనా ‘పేజీల సంఖ్య, కాగితం ఖరారు చేసి చెప్పాకే స్పైన్ వేస్తాను, ఆ తర్వాత మారితే కొత్త కొలతకు విడిగా రుసుము’ అని ముందే రాసి పంపడం మొదలుపెట్టాను. కాగితం మీద ఒక్క వాక్యం ఉండి ఉంటే ఆ ఆరు కవర్ల డబ్బు నా దగ్గరే ఉండేది.

మీకు వకీలు రాసిన ఒప్పందం అవసరం లేదు. పని మొదలుపెట్టే ముందు వాట్సాప్‌లో పంపి, ‘సరే’ అని జవాబు తీసుకునే పది వరుసలు చాలు. ఇదిగో, నేను పంపేది ఇటువంటిది: ‘నమస్కారమండీ. మీ పుస్తకం కవర్ పేజీకి రెండు చిత్తు నమూనాలు చూపిస్తాను. మీరు ఎంచుకున్నదానిలో రెండు విడతలు దిద్దుబాట్లు చేస్తాను. ఒక్కో విడతలో మార్చవలసినవన్నీ ఒకేసారి చెప్పగలరు. మూడో విడత నుంచి విడతకు 400 రూపాయలు. ఎంచుకున్న నమూనాను వదిలేసి మళ్లీ మొదటినుంచి వేయాలంటే అది కొత్త పని అవుతుంది. మొత్తం 5,600, అందులో సగం ముందుగా, సగం ప్రింటింగ్ ఫైలు పంపే ముందు. అక్షర దోషాలు చూసుకుని “ప్రింటుకు ఇవ్వవచ్చు” అని మీరు రాసి పంపాకే ఫైలు ప్రెస్సుకు వెళుతుంది.’ ఈ చివరి వాక్యం ముఖ్యం. అట్ట మీద రచయిత ఇంటిపేరులో ఒత్తు పోతే, ఆ పాపం ఎవరిదో తేల్చేది అదొక్కటే.

సగం డబ్బు ముందుగా అడగడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. పెళ్లికి మేళం మాట్లాడుకున్నా, వంటవాళ్లను మాట్లాడుకున్నా బయానా చేతిలో పెట్టి వస్తారు. డిజైనర్ దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి గుర్తు రాకపోవడానికి మనం అడగకపోవడమే కారణం. మిగతా సగం అందేదాకా తక్కువ రిజల్యూషన్‌లో, అడ్డంగా ‘నమూనా’ అని రాసి ఉన్న బొమ్మనే పంపండి. కోరల్‌డ్రా ఫైలో, ఫొటోషాప్ ఫైలో యథాతథంగా కావాలని అడిగితే, అది విడిగా ధర ఉన్న వస్తువని చెప్పండి.

బంధువుల మాటకు వస్తే, ఇక్కడ నేను మీ పక్షాన కాస్త తక్కువగా, వాళ్ల పక్షాన కాస్త ఎక్కువగా ఉన్నాను. పిన్ని కూతురి పెళ్లి కార్డుకు బిల్లు వేయమని నేను చెప్పను. అలాగని సగం ధరకు చేయకండి. సగం ధర తీసుకుంటే వాళ్లకు డబ్బు తీసుకున్నట్టూ ఉంటుంది, మీకు నష్టపోయినట్టూ ఉంటుంది. దగ్గరివాళ్లయితే కార్డు డిజైన్‌ను మీ చదివింపుగా ఇచ్చేయండి, ఆ మాట నోటితో చెప్పండి: ‘పిన్నీ, ఇది నా చదివింపు, రెండు దఫాలు మార్పులు చేసిపెడతాను, ప్రింటింగ్ ఖర్చు మీది.’ పెళ్లిలో మళ్లీ కవరు ఇవ్వనక్కరలేదు, అదొక ఆదా. ఏడాదికి ఇటువంటివి ఎన్ని చేయగలరో, మూడో నాలుగో, ముందే అనుకోండి. నాన్నగారి స్నేహితుడి తోడల్లుడి షాపు ప్రారంభోత్సవం ఆ లెక్కలోకి రాదు. అక్కడ ‘తెలిసినవాళ్లు కాబట్టి తొందరగా చేసిపెడతాను’ అనండి, ధర మాత్రం అందరికీ ఉన్నదే చెప్పండి.

ఇక మీరు అడగని సంగతి ఒకటి, అడిగి ఉండవలసింది. మీరు గీసిన దానిపై హక్కు ఎవరిది? 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసినవాటికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు. కాబట్టి ఆరేళ్లుగా షాపులో చేసిన డిజైన్లను మీ పేరుతో నమూనాలుగా చూపించుకోవాలంటే ఆయన అనుమతి అడగండి. మంచిగా విడిపోతే చాలామంది కాదనరు. సొంతంగా చేసే పనుల్లో మామూలుగా గీసినవారిదే హక్కు గాని, ఫొటోలు, పెయింటింగులు, రూపచిత్రాల వంటివి డబ్బిచ్చి చేయించుకున్నప్పుడు, వేరే మాట అనుకోకపోతే, చేయించుకున్నవారికే ఆ హక్కు పోతుంది. హక్కు రాసి ఇవ్వాలంటే అది సంతకంతో కాగితం మీద ఉండాలి. అందులో కాలం చెప్పకపోతే అయిదేళ్లకే, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే వర్తిస్తుంది. లోగో చేయించుకున్న షాపాయనకు శాశ్వతంగా పూర్తి హక్కు కావాలి, అది న్యాయం కూడా, ధరలో కలుపుకుని రాసిచ్చేయండి. కవర్ బొమ్మకు మాత్రం ‘ఈ పుస్తకం అన్ని ముద్రణలకూ, ప్రచారానికీ’ అని రాస్తే సరిపోతుంది. అదే బొమ్మను రేపు ఎవరైనా క్యాలెండర్‌గా వేసుకోవాలంటే మళ్లీ మీ దగ్గరికే రావాలి.

ఈ నియమం మీకూ వర్తిస్తుందని మరవకండి. గూగుల్‌లో దొరికిన నెమలి, ఎవరి గోడ మీదో కనిపించిన వినాయకుడు, ఇంకొకరి గంటల కష్టం. ‘బాపు బొమ్మలా వేసిపెట్టండి’ అని అడిగేవాళ్లు వారానికొకరైనా వస్తారు. ఆ గీతలోని పొదుపును చూసి నేర్చుకోవడం వేరు, ఆయన గీసిన అమ్మాయినే కత్తిరించి కార్డు మీద అతికించడం వేరు. ఫాంట్ల విషయంలో మన పరిస్థితి ఇరవై ఏళ్ల కిందటికంటే చాలా మెరుగు. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, మల్లన్న, పెద్దన వంటి యూనికోడ్ ఫాంట్లు (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా చదవగలిగే పద్ధతివి) స్వేచ్ఛా లైసెన్సుతో గూగుల్ ఫాంట్లలో ఉన్నాయి. వ్యాపారపు పనులకూ వాడుకోవచ్చు. షాపుల్లో ఇంకా పాత పద్ధతి పేజ్‌మేకర్, అను ఫాంట్లే నడుస్తూ ఉండవచ్చు, రచయితలు పంపే మేటర్ కూడా సగం అందులోనే వస్తుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చెదిరిన ఒత్తులు దిద్దడం కూడా గంటలు తినే పని, దానికీ ధర పెట్టండి. దొంగ సాఫ్ట్‌వేర్‌తో సొంత వ్యాపారం మొదలుపెట్టకండి. చందా కట్టలేని రోజుల్లో బొమ్మలు గీయడానికి, పేజీలు కట్టడానికి ఇంక్‌స్కేప్, క్రీటా, స్క్రైబస్ ఉచితంగా దొరుకుతాయి. కాస్త అలవాటు చేసుకోవాలి, అంతే.

జీఎస్టీ గురించి చాలా మంది మిమ్మల్ని భయపెట్టి ఉంటారు. సేవలు అందించేవారి వార్షిక రాబడి మన రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షల రూపాయలు దాటేదాకా నమోదు తప్పనిసరి కాదు. నమోదు లేనప్పుడు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు కూడా. నెలకు 30,000 దగ్గర మొదలవుతున్న మీకు ఆ దిగులు ఇప్పట్లో లేదు. వెంటనే చేయవలసినది ఉద్యమ్ నమోదు, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో ఒక పూటలో అయిపోతుంది, పైసా ఖర్చు లేదు. రుసుము అడిగే వెబ్‌సైటు ఏదైనా దళారీదే. ఇది చేసుకుంటే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం మీకు అండగా ఉంటుంది. మీ పని తీసుకున్న సంస్థ, గడువు రాసుకోకపోతే 15 రోజుల్లో, రాసుకున్నా 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి, ఫిర్యాదు చేయడానికి ప్రతి రాష్ట్రంలోనూ ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. నిజం చెప్పాలంటే 5,600 రూపాయల కోసం ఎవరూ కౌన్సిల్ దాకా వెళ్లరు. ఉద్యమ్ నంబరు, 45 రోజుల మాట బిల్లు కింద అచ్చు వేసి ఉంటే, అకౌంట్స్ విభాగంలో మీ కాగితం దొంతర అడుగున కాకుండా పైన ఉంటుంది. గడువు దాటితే ఆ ఖర్చును చెల్లించిన ఏడాదిలో తప్ప ఆదాయపు పన్నులో చూపించుకోలేమని కంపెనీల ఆడిటర్లకు బాగా తెలుసు.

కంపెనీలకు చేసిన పనిలో, ఏడాదికి 50,000 దాటిన వృత్తి రుసుము మీద 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి మిగతాది ఇస్తారు. డబ్బు తగ్గిందని గాభరా పడకండి, ఆ కోత మీ పాన్ మీద జమ అవుతుంది. రిటర్ను వేస్తేనే వెనక్కి వస్తుంది కాబట్టి పన్ను పడినా పడకపోయినా రిటర్ను వేయండి. ఈ పనికి విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. మిగతా లెక్కలు ఏడాదికొకసారి ఆడిటర్ చూసుకుంటారు.

ఉద్యోగం మానే సంగతి. పెళ్లి కార్డుల పని మన పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చాయంటే ముహూర్తాలు లేవు, మూఢం పడితే మంచి నెలలు కూడా ఎండిపోతాయి. పుస్తకాల పని దీనికి దాదాపు ఎదురుగా ఉంటుంది. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉండడం వల్ల దసరా దాటిన దగ్గర నుంచి రచయితలూ ప్రచురణకర్తలూ ప్రెస్సుల మీద పడతారు, ఆ రెండున్నర నెలలూ మీకు తిండి తినే తీరిక ఉండదు. ఈ రెండూ చేతిలో ఉండడం మీ అదృష్టం. లోగోల మోజులో పడి వీటిని వదలకండి. అలాగని ఒక మంచి సీజన్ చూసి ఉద్యోగం మానకండి. పన్నెండు నెలలు వరుసగా, ఏ నెలలో ఎంత వచ్చిందో, అందులో బంధుమిత్రులు కానివాళ్ల నుంచి వచ్చింది ఎంతో నోటుబుక్కులో రాయండి. ఆ పరాయివాళ్ల సొమ్ము ఈ రాత్రి పనితోనే సగటున నెలకు 15,000 దగ్గరికి వచ్చి, బ్యాంకులో ఆరు నెలల ఖర్చు ఉన్న రోజున మానండి. మీరు ఇప్పటికే రెండేళ్లు చేశారు కాబట్టి పాత ఫోన్‌పే చరిత్ర తవ్వితే ఆ పన్నెండు నెలల లెక్క ఈ ఆదివారమే తేలవచ్చు. నాన్నగారికి కూడా చూపించవలసింది ఆ పేజీనే. ఆయన భయం మీ కళ మీద కాదు, ఒకటో తారీఖు మీద. ఆషాఢంలో ఎంత వచ్చిందో అంకెల్లో చూస్తే ఆయన మాట్లాడే తీరు మారుతుంది.

మానేదాకా షాపు ఖాతాదారులను మీ వైపు తిప్పుకోకండి. పగలు యజమాని కంప్యూటర్‌లో మొదలైన పని రాత్రి మీ ఇంట్లో పూర్తి కావడం ఏ ఊళ్లోనూ దాగదు, విజయవాడ ప్రెస్సుల మధ్య అసలే దాగదు. పైగా రేపు మీకు పని పంపేది ఈ ప్రెస్సులవాళ్లే. ఏలూరు రోడ్డు చుట్టుపక్కల ప్రచురణకర్తల దగ్గరా, ప్రెస్సు మేనేజర్ల దగ్గరా మీ ఫైలు మొదటిసారే తప్పు లేకుండా ప్లేటుకు వెళుతుందన్న పేరు తెచ్చుకుంటే, ఇన్‌స్టాగ్రామ్‌లో వందల లైకులు తేలేని పని ఆ పేరు తెస్తుంది. ఎవరైనా పని పంపి కమీషన్ అడిగితే, పది శాతమో పదిహేనో ముందే తేల్చుకుని ధరలో కలుపుకోండి, తర్వాత గొణుక్కోకండి. అమెరికాలోని తానా, ఆటా వంటి తెలుగు సంఘాలు రెండేళ్లకోసారి జరిపే మహాసభలకు సావనీర్లు (ప్రత్యేక సంచికలు) వేస్తాయి. తెలుగు పేజీలు దోషాల్లేకుండా కట్టగలవాళ్లు వాళ్లకు కావాలి. మొదటి ఏడాదే ఆ పనికి పరుగెత్తవద్దు, నాలుగు మంచి పుస్తకాలు చేతిలో ఉన్నాక రాయండి.

చివరగా మాస్టారు. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. పదకొండు సార్లు మార్చమన్నది ఆయనే అయినా, పన్నెండోసారి కూడా మార్చవచ్చన్న నమ్మకం కలిగించింది మీరు. పాత పనికి కొత్త ధర అడగడం న్యాయం కాదు గనుక ఆ 1,500 అలాగే ఉంచండి. ఈ వారంలోనే ఫోన్ చేయకుండా, ఎందుకంటే ఫోన్‌లో మీరు మళ్లీ ‘పరవాలేదు మాస్టారూ’ అనేస్తారు, ఈ నాలుగు వాక్యాలు రాసి పంపండి: ‘మాస్టారూ, నమస్కారం. పదకొండు విడతల మార్పుల తర్వాత మీకు నచ్చినవి మూడో నమూనా, తొమ్మిదో నమూనా అని నాకు అర్థమైంది. రెండూ మళ్లీ జతచేశాను, ఒకటి ఎంచుకుని, పేజీల సంఖ్య ఎంతో రాయగలరు. దానిలో అక్షర దోషాలు మాత్రం దిద్ది, 1,500 రూపాయలు అందిన రోజునే ప్రింటింగ్ ఫైలు పంపిస్తాను. రెండూ వద్దనుకుంటే కొత్త నమూనాకు 2,000 అవుతుంది.’ పంపాక గంట సేపు ఫోన్ పక్కగదిలో పెట్టి, వేరే పని చూసుకోండి.